మెడలో వేలాడే ఆ కార్డును ఫొటోల్లో పడనివ్వకండి

ప్రశ్న: మాదాపూర్‌లో ఒక కోవర్కింగ్ ఆఫీసులో (వేర్వేరు సంస్థలు అద్దెకు పంచుకునే చోటు) మాకు 12 సీట్లున్నాయి. మానేసిన ఉద్యోగి నుంచి యాక్సెస్ కార్డు వెనక్కి తీసుకున్నాం. నెల తర్వాత కూడా అతను తలుపు తెరుచుకుని లోపలికి వచ్చాడు. కార్డుకు డూప్లికేట్ చేయించుకున్నాడని తెలిసింది. ఇది సాధ్యమేనా?

సాధ్యమే. అపార్ట్‌మెంట్ గేటు ట్యాగ్, హాస్టల్ కార్డు, ఆఫీసు కార్డు... పేరు మారుతోంది గానీ ఇదే ఫిర్యాదు మళ్లీ మళ్లీ వస్తోంది. ముందు మీ కార్డు ఏ రకమో తేల్చుకోండి. ఎన్‌ఎఫ్‌సీ (దగ్గరికి ఆనిస్తే కార్డును చదివే సదుపాయం) ఉన్న ఫోన్‌లో ఆ ఆప్షన్ ఆన్ చేసి, వెనకవైపు కార్డును ఆనించండి. ఫోన్ ఉలక్కుండా పలక్కుండా ఉంటే అది దాదాపుగా పాతకాలపు 125 కిలోహెర్ట్జ్ కార్డే. అందులో ఉండేది ఒక్క నంబరు. ఏ రీడర్ (కార్డును చదివే మిషన్) దగ్గరికి వచ్చి అడిగినా ఆ నంబరు చెప్పేస్తుంది. అడిగింది మీ తలుపా, పక్కవాడి జేబులోని కాపీ మిషనా అన్నది దానికి తెలియదు. ఆ నంబరును ఖాళీ ట్యాగ్‌లోకి ఎక్కించడం నిమిషం పని.

ఇంకా కలవరపెట్టే సంగతి కార్డు మీదే ఉంది. ఒకసారి తిప్పి చూడండి. చాలా కార్డుల మీద 0012345678 188,24910 అన్న తీరులో రెండు వరసల అంకెలు అచ్చువేసి ఉంటాయి. ఆ రెండూ ఒకటే. 188ని 65,536తో గుణించి 24,910 కలిపితే సరిగ్గా 1,23,45,678 వస్తుంది. తలుపు దగ్గరి మామూలు రీడర్, లాక్‌ను నడిపే కంట్రోలర్ అనే పెట్టెకు 26 బిట్లు (సున్నా, ఒకట్ల అంకెలు) పంపుతుంది. రెండు బిట్లు తప్పొప్పులు సరిచూసుకోవడానికి పోతే, మిగిలిన 24 బిట్లూ ఈ అంకెలే. అంటే కార్డును ముట్టుకోనక్కర్లేదు, స్పష్టమైన ఫొటో చాలు. కొత్త ఉద్యోగంలో చేరిన రోజు మెడలో కార్డుతో దిగిన ఫొటోను పదిమందికీ చూపిస్తున్నారంటే, తాళంచెవి అచ్చును చూపిస్తున్నట్టే. ఈ అంకెల మీద స్టిక్కర్ అంటించి ఇవ్వడానికి ఆఫీసు నడిపే ఆపరేటర్లకు ఏమడ్డం వస్తోందో నాకు అర్థం కాదు.

ఫోన్ స్పందించిందని నిశ్చింతగా ఉండకండి. 13.56 మెగాహెర్ట్జ్ కార్డుల్లో బాగా వ్యాపించిన మైఫేర్ క్లాసిక్ రక్షణను 2008లోనే నెదర్లాండ్స్‌లోని రాడ్‌బౌడ్ యూనివర్సిటీ పరిశోధకులు ఛేదించారు. ఏఈఎస్ అనే ఎన్‌క్రిప్షన్ పద్ధతిలో 128 బిట్ల రహస్య కీ వాడే డెస్‌ఫైర్ రకం కార్డులు గట్టివి. అయితే అక్కడా ఒక కక్కుర్తి చూస్తుంటాం. ఖరీదైన కార్డు ఇచ్చి, రీడర్‌ను మాత్రం దాని సీరియల్ నంబరు చదివి వదిలేసేలా పెడతారు. ఆ కీ ఉన్నా లేనట్టే. కాబట్టి ఆపరేటర్‌ను మెయిల్‌లో ఒక్క ప్రశ్న అడగండి: రీడర్ సీరియల్ నంబరు మాత్రమే చూస్తోందా, కీతో సరిచూస్తోందా?

అన్నట్టు, మీ విషయంలో మొదటి తప్పు కార్డుది కాదు. కార్డు తీసుకుని డ్రాయర్‌లో పెట్టారే తప్ప, నంబరును సిస్టమ్‌లోంచి తీయించలేదు. తీశామని రిసెప్షన్‌లో చెప్పినా నమ్మేయకండి. చాలాచోట్ల ప్రతి తలుపు కంట్రోలర్‌లోనూ విడిగా ఒక జాబితా ఉంటుంది. సాఫ్ట్‌వేర్‌లో పేరు తీసేసిన సంగతి, నెట్‌వర్క్ తెగిన తలుపుకు చేరదు. తిరిగి తీసుకున్న కార్డును మెయిన్ డోర్, మీటింగ్ రూమ్, సర్వర్ రూమ్ అన్నిటి దగ్గరా పెట్టి, ఎర్రలైటు వెలిగిందో లేదో మీరే చూసుకోండి.

ప్రశ్న: కార్డులు తీసేసి అందరికీ వేలిముద్ర పెడతామంటున్నారు. ఒప్పుకోవచ్చా?

నేనైతే ఒప్పుకోను. కార్డు నంబరు పోతే మార్చుకుంటాం, వేలిని ఎలా మారుస్తాం? భూముల రిజిస్ట్రేషన్ దస్తావేజుల మీది ముద్రలతో రబ్బరు వేళ్లు తయారుచేసి సిమ్ కార్డులు యాక్టివేట్ చేసిన కేసు 2018లో హైదరాబాద్‌లోనే బయటపడింది. నెలనెలా మనుషులు మారే చోట వేలిముద్రలు పోగేయడం బాధ్యత లేని పని. డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం, 2023లో సమ్మతిని వెనక్కి తీసుకునే హక్కు రాసి ఉంది. కార్డో పిన్నో ఇమ్మని అడగండి. ఇప్పటికే ఇచ్చేసి ఉంటే, ఖాళీ చేసే రోజున సాఫ్ట్‌వేర్‌లోనే కాదు, తలుపు దగ్గరి మిషన్‌లోనూ తొలగించారా అని అడిగి రాతపూర్వకంగా తీసుకోండి.

ప్రశ్న: కరెంటు పోయిన అరగంటకే మా ఆఫీసు తలుపు దానంతటదే తెరుచుకుంటోంది. లాక్ పాడైందా?

లాక్ బాగానే ఉంది, దాని బ్యాకప్ బ్యాటరీ పోయింది. ఈఎం లాక్ అంటే విద్యుత్ అయస్కాంతం. కరెంటు ఉన్నంతసేపే పట్టుకుంటుంది. 12 వోల్టుల లాక్, కంట్రోలర్, రీడర్ కలిసి దాదాపు ఒక ఆంపియర్ తీసుకున్నా, 7 ఏహెచ్ (ఆంపియర్ అవర్) బ్యాటరీ కొన్ని గంటలు లాగాలి. అరగంటకే చేతులెత్తేస్తే మార్చాల్సిందే. ఆదివారం అడాప్టర్ స్విచ్ ఆపి టైమ్ చూసుకోండి.

పనిలో పనిగా తలుపు బయట ఉన్న మిషన్‌ను కూడా చూడండి. లాక్ వైరు, ఎగ్జిట్ బటన్ వైరు దాని వెనకే ఉన్నాయా? ఉంటే, రెండు స్క్రూలు విప్పి ఎగ్జిట్ బటన్ తాలూకు రెండు వైర్లు కలిపినవాడికి కార్డు అక్కర్లేదు. నాలుగు మీటర్ల కేబుల్ మిగుల్చుకోవడానికి ఇన్‌స్టాలర్లు చేసే ఈ పనిని చూస్తే కడుపు రగిలిపోతుంది. బయట రీడర్ మాత్రమే ఉండాలి, లాక్‌ను నడిపే కంట్రోలర్ లోపల సీలింగ్ పైనో, తాళం వేసిన బాక్సులోనో ఉండాలి.

కరెంటు పోయినా తెరుచుకోని లాక్ పెడతామని ఎవరైనా అంటే మాత్రం, లోపలివాళ్లు హ్యాండిల్ తిప్పి బయటపడే వీలుంటే తప్ప ఒప్పుకోకండి. మంటలు లేచినప్పుడు కార్డు వెతుక్కునే టైమ్ ఎవరికీ ఉండదు. తలుపు పక్కన ఆకుపచ్చ ఎమర్జెన్సీ బాక్సు ఉందా? దాని వైరు సాఫ్ట్‌వేర్ మీదుగా కాకుండా నేరుగా లాక్ కరెంటునే తెంచాలి. కంట్రోలర్‌ను ఆపేసి, లాక్ పట్టుకుని ఉండగా ఆ బాక్సు నొక్కించి చూడండి. తలుపు వదలకపోతే అదే రోజు సరిచేయించండి.