గ్రాన్‌విల్ రెడ్‌మండ్: పూల బొమ్మలు, వెన్నెల బొమ్మలు

వందేళ్ల కిందటి అమెరికన్ ప్రకృతి చిత్రకారుల్లో ఎవరి బొమ్మలతో మొదలుపెట్టాలి అని ఎవరైనా అడిగితే, నేనైతే గ్రాన్‌విల్ రెడ్‌మండ్ పేరే చెప్తాను. 2020 ఫిబ్రవరిలో మా చెల్లి ఖమ్మం నుంచి వచ్చినప్పుడు కాలిఫోర్నియాలో శాక్రమెంటోలోని క్రాకర్ ఆర్ట్ మ్యూజియంలో ఆయన బొమ్మల ప్రదర్శన జరుగుతుంటే తీసుకెళ్లాను. మా చెల్లికి పుట్టుకతోనే వినపడదు. రెడ్‌మండ్‌కి రెండున్నరేళ్ల వయసులో స్కార్లెట్ ఫీవర్ అనే జ్వరం వచ్చి వినికిడి పోయింది.

ఆయన పేరు చెప్పగానే అందరికీ గుర్తొచ్చేవి కాలిఫోర్నియా కొండల మీద నారింజ రంగు పాపీ పూలు, వాటి మధ్య నీలం లుపిన్ పూలు. దగ్గరికెళ్తే అవి పూలలా ఉండవు, మందంగా అద్దిన చిన్న చిన్న రంగు చుక్కలు, నాలుగడుగులు వెనక్కి వస్తే కొండంతా పూసినట్టుంటుంది. కానీ ఆయనకి ఇష్టమైనవి మాత్రం ఏకాంతం, నిశ్శబ్దం ఉన్న దృశ్యాలు. కొనేవాళ్లంతా పాపీలే కావాలంటున్నారని బాధపడ్డారట. నాకూ ఆ వెన్నెల రాత్రులు, చిత్తడి నేలల బొమ్మలే గొప్పగా అనిపించాయి.

మా చెల్లి మాత్రం ముందుగా సైగలతో అడిగింది, ఈయనకి బొమ్మలు నేర్పిందెవరు అని. బర్క్‌లీలోని బధిరుల పాఠశాలలో థియోఫిలస్ డెస్ట్రెల్లా అనే మాస్టారు నేర్పారు, ఆయనకీ వినపడదు. బొమ్మలతో పాటు మూకాభినయం కూడా రెడ్‌మండ్ ఆయన దగ్గరే నేర్చుకున్నారు. తర్వాత శాన్‌ఫ్రాన్సిస్కోలో చదువు, 1893లో స్కూలు ఇచ్చిన డబ్బుతోనే పారిస్, 1895లో అక్కడి సలోన్ అనే పెద్ద చిత్ర ప్రదర్శనలో ఆయన మంచు దృశ్యానికి చోటు. తను చదివిన స్కూల్లో సైగలు వచ్చిన టీచర్ ఒక్కరూ లేరు కాబట్టి, మా చెల్లి ప్రదర్శనలో ఆ మాస్టారి గురించి రాసి ఉన్నది రెండుసార్లు చదివింది.

చార్లీ చాప్లిన్ రెడ్‌మండ్‌కి మంచి స్నేహితుడు, తన స్టూడియోలోనే బొమ్మలు వేసుకోవడానికి చోటిచ్చాడు, ఆయన దగ్గర సైగలు నేర్చుకున్నాడు. ఆ మౌనంలో బతకడం వల్లే రెడ్‌మండ్‌కి మనకి లేని ఆనందం దొరికిందేమో అని చాప్లిన్ అనేవాడు. ఆ మాట నేను ఒప్పుకోను, మా చెల్లీ ఒప్పుకోదు. సరైన వయసులో తన భాషలో నేర్పే మనిషి దొరికాడు, అదీ అసలు సంగతి.

రెడ్‌మండ్ 1935లో పోయారు. ఆయన్ని కదులుతుండగా చూడాలంటే 1931 నాటి చాప్లిన్ సినిమా ‘సిటీ లైట్స్’ పెట్టుకోండి, మొదట్లో విగ్రహం ఆవిష్కరించే సీన్‌లో శిల్పి ఆయనే.