టింకరింగ్ షెడ్డు గురించి రాస్తున్న అమ్మాయికి

విశాఖపట్నం

చిరంజీవి తల్లికి,

ఆశీస్సులు. నువ్వు పంపిన పద్నాలుగు పేజీలూ రెండుసార్లు చదివాను. మొదటిసారి చదివినప్పుడు కార్ల రేకులు బాగుచేసే మీ నాన్నగారి షెడ్డు నాకు కనిపించలేదమ్మా. గాజువాక సాయంత్రం కనిపించింది, ఎర్రబడిన ఆకాశం కనిపించింది, పాత కారుని చూస్తే నీకు కలిగిన దిగులు కనిపించింది. కారు మాత్రం పేజీలోకి రాలేదు. రెండోసారి పెన్సిలు పట్టుకుని కూర్చుంటే పదకొండో పేజీలో ఒక వాక్యం దొరికింది. "నాన్న అట్టపెట్టె చించి, ఆ ముక్క కన్నం మీద పెట్టి, అంచు వెంబడి బొటనవేలితో నొక్కుకుంటూ పోయాడు." అక్కడ ఆగిపోయాను. నీ రచన అంతా ఆ వాక్యం చుట్టూ మళ్లీ రాయాలని నాకు అనిపిస్తోంది.

"పని వివరాలన్నీ రాస్తే చదివేవాళ్లకి విసుగు కదా మాస్టారూ" అని అడిగావు. నువ్వు ఆ షెడ్డులోనే పెరిగావు కాబట్టి అవి అందరికీ తెలిసినవే అనుకుంటున్నావు. తెలియవు తల్లీ. ఆకాశం ఎర్రబడటం అందరికీ తెలుసు. అట్టముక్క ఎందుకు చించారో ఆ షెడ్డులో ఉన్న నలుగురికే తెలుసు. ఆ నలుగురిలో రాయగలిగినదానివి నువ్వొక్కర్తివే.

ముందు మాటల సంగతి. 'లోహ ఫలకం' అని రాశావు. మీ షెడ్డులో ఆ మాట ఎవరి నోటైనా విన్నావా? రేకు అంటారు. నీ 'పూరక పదార్థం' లప్పం. నీ 'రంగు ఉబ్బెత్తులు' పొక్కులు. రన్నింగ్ బోర్డు, డిక్కీ, మడ్‌గార్డు, జాకీ, వాటర్ పేపరు అని రాయడానికి సంకోచించకు. మేస్త్రీల నోళ్లలో ఇన్నేళ్లు నలిగాక అవి మన మాటలే. మీ నాన్నగారు ఏ మాట అంటారో అదే రాయి. అర్థం కాని పాఠకుడికి పక్కనున్న పని చూసి అర్థమయ్యేలా రాయడం నీ బాధ్యత.

ఇంక అసలు పొరపాటు. ఆరో పేజీలో "కన్నాన్ని లప్పంతో పూడ్చి, రంగు వేసి కొత్తదాన్ని చేశారు" అని ఒక్క ముక్కలో దాటేశావు. మీ నాన్నగారు అలా చేసి ఉండరు. లప్పం పెట్టేవాడికి అట్టముక్కతో కొలత తీసే అవసరమే లేదు. ఆ కొలత తీసింది రేకు కోసి బిళ్ల అతకడానికి. నువ్వు కళ్లారా చూసింది ఒకటి, తొందరలో రాసింది ఒకటి. నీ వాక్యం నమ్మి ఎవరైనా తన బండికి అలాగే చేయించుకుంటే ఏమవుతుందో నాకు అనుభవం.

నాది 1996 నాటి మారుతి 800 కారు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను మన ఊరి మీద పడ్డప్పుడు కొమ్మ విరిగి ముందు అద్దం పగిలింది. వాన అంతా లోపలికే కొట్టింది. తర్వాత ఎండలు కాశాయి, కార్పెట్టు పైన ఆరింది, సరిపోయిందనుకున్నాను. దాని కింద స్పాంజి నీళ్లు పట్టుకుని అలాగే ఉండిపోయింది. తుప్పుకి నీళ్లూ గాలీ చాలు. దానికి మన సముద్రపు ఉప్పు కలిస్తే నీళ్లలో కరెంటు తేలిగ్గా పారుతుంది, రేకు బ్యాటరీలాగా తనని తానే తినేస్తుంది. పైగా తుప్పు ఇనుముకంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది, అందుకే పెయింటు లోపలి నుంచి పొక్కుతుంది. పైకి పొక్కు కనిపించేసరికే లోపల రేకు జల్లెడ. 2016లో టైరు మార్చుదామని జాకీ పెట్టి తిప్పితే కారు లేవలేదు. కరకరమంటూ జాకీ తల, డోర్ల కింద పొడవునా ఉండే రన్నింగ్ బోర్డులోకి దిగిపోయింది.

మొదట తీసుకెళ్లిన షెడ్డులో కోయలేదు. కన్నానికి జాలీ ముక్క అడ్డం పెట్టి, దాని మీద మందంగా లప్పం మెత్తి, నున్నగా తోమి, రంగు కొట్టి రెండు రోజుల్లో బండి ఇచ్చేశారు. చూడ్డానికి ముచ్చటగా ఉంది. తర్వాతి వానాకాలం వెళ్లకముందే అదే చోట పొక్కులు. లప్పంలో కంటికి కనపడని రంధ్రాలుంటాయి, తేమ పీలుస్తుంది. వెనకవైపు తుప్పు ఎక్కడిదక్కడే ఉంది. అంతకంటే భయపడాల్సింది ఇంకోటి ఉంది. 800కి విడిగా ఛాసిస్, అంటే కింద బరువు మోసే చట్రం, లేదు. బండి బరువు మోసే వాటిలో రన్నింగ్ బోర్డు ఒకటి. ఏమీ మొయ్యలేని లప్పాన్ని నమ్మి ఆ బండిలో నా మనవల్ని ఎక్కించి తిప్పాను. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ గుండె దడదడలాడుతుంది.

రెండోసారి ఇంకో మేస్త్రి దగ్గరికి వెళ్లాను. మూడు రోజులు స్టూలు వేసుకుని కూర్చుని నోటుపుస్తకంలో రాసుకున్నాను. ఆయన ముందు అయస్కాంతం తెచ్చి రేకు పొడవునా పాకించారు. లప్పం మందంగా ఉన్న చోట అది అంటుకోలేదు. బ్యాటరీ వైరు తీశారు, సీట్లూ కార్పెట్టూ బయట పెట్టారు, పెట్రోలు ట్యాంకు దింపారు, నీళ్ల బకెట్టు పక్కన పెట్టుకున్నారు. కోసే ముందు డోరు మూసి, సందు ఎంతుందో పుల్లతో కొలిచారు. రన్నింగ్ బోర్డు కోస్తే బండి వంగుతుంది, వంగితే డోరు పట్టదు. అందుకని కింద చెక్క దిమ్మలు పేర్చి, ఒక్కో టాకా, అంటే వెల్డింగు చుక్క, పడ్డాక మళ్లీ డోరు మూసి చూసుకునేవారు. ఈ ఒక్క జాగ్రత్త గురించే నువ్వు ఒక పేజీ రాయొచ్చు.

కన్నం రూపాయి బిళ్లంత. కోయడం ఆగేసరికి జానెడు దాటింది. రేకు తెల్లగా మెరిసేదాకా కొయ్యాలి, పాత తుప్పు గోరంత మిగిలినా పని వృథా అన్నారాయన. 800 తయారీ 1983 డిసెంబరులో మొదలై 2014 జనవరిలో ఆగిపోయింది. పాత మోడళ్లకి సరిపడే విడి రేకులు రానురాను దొరకడం కష్టమవుతోంది కాబట్టి, అట్ట కొలత మీద 20 గేజు రేకు కోసి, సుత్తీ, రేకు వెనక ఆన్చే ఇనప దిమ్మ డాలీ పెట్టి ఒంపు చేత్తోనే తెచ్చారు. వెల్డింగ్ కూడా గీతలాగా ఒకేసారి లాగలేదు. ఇక్కడొక చుక్క, జానెడు అవతల ఒక చుక్క, మళ్లీ మధ్యలో ఒకటి. మధ్యమధ్య రేకు మీద అరచెయ్యి ఆన్చి వేడి చూసేవారు. ఒకే చోట వేడి పెరిగితే పల్చటి రేకు ముడత పడిపోతుంది. ఆ అరచేతి కోసం నీ కథలో వెతికాను. లేదు. మీ నాన్నగారి అరచెయ్యి ఎలా ఉంటుందో రాయి.

తర్వాత గ్రైండింగు, లోపలా బయటా ప్రైమరు, అతుకు మీద సీలెంటు. అప్పటికి గానీ లప్పం రాలేదు. అదీ ఎగుడుదిగుళ్లు సరిచేసేంత పల్చగా. లప్పం గట్టిపడటానికి కలిపే హార్డెనరు నూటికి రెండు పాళ్లు, మన ఎండలకి అది తొందరగా బిగుసుకుంటుంది కనక కొంచెం కొంచెం కలుపుకున్నారు. చాలామంది లప్పాన్ని నీళ్లు పోసి తోముతారు. ఈయన పొడిగానే తోమారు, నీళ్లు పీల్చుకున్న లప్పం మీద పెయింటు నిలవదని. రంగు గురించి నువ్వు రెండు పేజీలు రాశావు, రెండు వాక్యాలు చాలు. ఆయన మాత్రం ఆఖరి పూట అంతా ఎవరికీ కనపడని చోట గడిపారు. రన్నింగ్ బోర్డు లోపల మైనం చిమ్మి, నీళ్లు పోవడానికి అడుగున ఉన్న చిల్లులు మట్టితో మూసుకుపోతే తీగతో ఒక్కొక్కటీ తెరిచారు.

నిన్ను ఇదే క్రమంలో రాయమనడం లేదు. ఇది నేను చూసిన షెడ్డు. మీ షెడ్డులో గ్యాస్ వెల్డింగే ఉండొచ్చు, నాన్నగారి పద్ధతి వేరే ఉండొచ్చు. రాసింది ఆయనకి చదివి వినిపించు. ఆయన "కాదమ్మా, ముందు అది" అన్న చోటల్లా గుర్తు పెట్టుకో. పొగడ్త కోసం వినిపించకు, తప్పు పట్టించుకోవడానికి వినిపించు.

ఇంకొకటి. తొమ్మిదో పేజీ చివర "ఆ రాత్రి నాన్న దుప్పటి కప్పుకుని వణికాడు, పొద్దున్నకి తగ్గింది, వానలో తడిసినందుకనుకున్నాం" అని రాసి వదిలేశావు. జింకు పూత ఉన్న రేకు వెల్డింగు చేస్తే తెల్లటి పొగ వస్తుంది. అది పీల్చినవాళ్లకి కొన్ని గంటల తర్వాత చలిజ్వరం వచ్చి, ఒకటి రెండు రోజుల్లో దానంతటదే పోతుంది. అందుకే చాలామంది పట్టించుకోరు. మీ నాన్నగారిది అదేనని నేను చెప్పలేను. కానీ ఆ రోజు ఏ రేకు అతికారో, షెడ్డు తలుపులు తెరిచి ఉన్నాయో లేదో, అలాంటి రాత్రులు ఇంకెన్ని ఉన్నాయో, ఈ ఆదివారం ఆయన పక్కన కూర్చుని అడుగు. ఆయన చెప్పింది చెప్పినట్టు రాసి నాకు పంపు. ముందు ఆ పేజీ చదువుతాను.

ఆశీస్సులతో,
మీ మాస్టారు