కోడ్ వచ్చింది కదా అని కూర్చోకు

చిరంజీవి కార్తీక్‌కి బాబాయి ఆశీస్సులు.

మొన్న ఫోన్లో డైరెక్టర్ల గుర్తింపు ధ్రువీకరణ గురించి అడిగితే "అకౌంటెంట్ చూసుకుంటాడులే బాబాయ్" అన్నావు. సరిగ్గా నేనూ అలాగే అనుకుని ఇరుక్కున్నాను. అందుకే ఈ ఉత్తరం.

ఇన్నాళ్లూ కంపెనీస్ హౌస్, అదే ఇక్కడ బ్రిటన్‌లో కంపెనీలను నమోదు చేసే ప్రభుత్వ కార్యాలయం, మనం ఏ పేరు రాస్తే ఆ పేరే ఎక్కించుకునేది. ముక్కూ మొహం తెలియనివాళ్ల ఇంటి చిరునామా మీద కంపెనీలు పెట్టేవాళ్లు. పాపం ఆ ఇంటాయనకి ఉత్తరాలు వచ్చాకే సంగతి తెలిసేది. దాన్ని ఆపడానికే 2023లో చట్టం తెచ్చారు. 2025 నవంబరు 18 నుంచి గుర్తింపు ధ్రువీకరణ తప్పనిసరి అయింది. కొత్తగా డైరెక్టర్ అయ్యేవాళ్లు ముందే ధ్రువీకరించుకోవాలి. నీలా ఇప్పటికే ఉన్నవాళ్లకు ఆ తేదీ తర్వాత వచ్చే మొదటి కన్ఫర్మేషన్ స్టేట్‌మెంటే (కంపెనీ వివరాలు సరిగ్గా ఉన్నాయని ఏటా పంపే పత్రం) గడువు.

పని చిన్నదే. గవ్ డాట్ యూకే వన్ లాగిన్‌లో, అంటే ప్రభుత్వ ఆన్‌లైన్ సేవలకు లాగిన్ అయ్యే చోట, ఖాతా తెరిచి, ఫోన్ యాప్‌లో గుర్తింపు పత్రం చూపించి, మొహం స్కాన్ చేయిస్తే అయిపోతుంది. పైసా ఖర్చు లేదు. డబ్బు కట్టమని ఈమెయిల్ వస్తే అందులో లింకు నొక్కకు. మనవాళ్లకు చిక్కంతా పాస్‌పోర్టు దగ్గరే. యాప్ పాస్‌పోర్టులోని చిప్ చదువుతుంది, మన పాత ఇండియన్ పాస్‌పోర్టుల్లో చిప్ ఉండదు. నీకు ఇక్కడి ఫోటో డ్రైవింగ్ లైసెన్సు ఉందిగా, అది వాడు. కాకపోతే ఇల్లు మారాక దానిమీద చిరునామా మార్పించావో లేదో చూసుకో. యాప్‌తో కుదరకపోతే వివరాలు ఆన్‌లైన్‌లో నింపి పోస్టాఫీసుకు వెళ్లి చూపించే దారి ఉంది.

ఇదంతా అయ్యాక 11 అక్షరాలూ అంకెలూ కలిసిన పర్సనల్ కోడ్ ఒకటి వస్తుంది. నేను బోల్తా పడింది ఇక్కడే. కోడ్ రాగానే పని అయిపోయిందనుకుని నిశ్చింతగా కూర్చున్నాను. ఆ కోడ్ నీది, కంపెనీది కాదు. ఎన్ని కంపెనీల్లో డైరెక్టర్‌గా ఉన్నా కోడ్ ఒక్కటే, కానీ ప్రతి కంపెనీలోనూ నీ పేరు పక్కన దాన్ని విడిగా జతచేయాలి. మాకు కన్ఫర్మేషన్ స్టేట్‌మెంట్ ఆఖరి రోజు సాయంత్రం తెలిసింది, డైరెక్టర్లందరి కోడ్‌లూ ఇస్తేగాని అది ముందుకు కదలదని. నా కోడ్ ఉంది, మీ పిన్నిది లేదు. ఆమెకు సొంత ఈమెయిల్ కూడా లేదు, ఇద్దరం నాదే వాడుతున్నాం. వన్ లాగిన్‌కి మనిషికొక ఈమెయిల్ ఉండాలి. ఆ రాత్రి పడ్డ టెన్షన్ ఇంకెప్పుడూ పడలేదు. మా అకౌంటెంట్ "మీకు చెప్పాననుకున్నానండీ" అన్నాడు. ఆయన్ని అని ఏం లాభం, మన మొహం మనమే చూపించాలి కదా.

నీకు ఇంకో మెలిక ఉంది. కంపెనీలో నీకూ స్వాతికీ చెరి సగం వాటా. 25 శాతం దాటి వాటా ఉన్నవాళ్లను పీఎస్‌సీ (కంపెనీ మీద గట్టి పట్టు ఉన్న వ్యక్తి) అంటారు, వాళ్లకూ ధ్రువీకరణ తప్పదు. నువ్వు డైరెక్టరువీ, పీఎస్‌సీవీ. కాబట్టి కోడ్ రెండుసార్లు ఇవ్వాలి: డైరెక్టరుగా కన్ఫర్మేషన్ స్టేట్‌మెంట్‌తో, పీఎస్‌సీగా ఆ స్టేట్‌మెంట్ తేదీ దాటిన 14 రోజుల్లోపు విడిగా. ఈ రెండోది చాలామంది మర్చిపోతున్నారు. స్వాతి డైరెక్టర్ కాదు, వాటాదారు మాత్రమే. ఆమె లెక్క పుట్టిన నెలను బట్టి ఉంటుంది. మార్చిలో పుట్టింది కాబట్టి మార్చి 1 నుంచి 14 లోపు ఇవ్వాలి. నీ గడువుకూ ఆమె గడువుకూ సంబంధం లేదు.

పేరు కూడా ఒకసారి చూసుకో. కంపెనీ పెట్టినప్పుడు ఇంటిపేరు ముందు రాశావా వెనక రాశావా, పొడి అక్షరం ఒక్కటే పెట్టావా? లైసెన్సు మీద ఉన్నదానికీ రిజిస్టర్‌లో ఉన్నదానికీ తేడా ఉంటే డైరెక్టర్ వివరాలు మార్చే ఫారం ముందే పంపు. పుట్టినరోజు సంగతి కూడా అంతే. బళ్లో వేసిన తేదీ ఒకటి, అసలు తేదీ ఒకటి ఉన్న తరం మాది. మీకా బాధ లేదనుకుంటాను.

ధ్రువీకరణ లేకుండా డైరెక్టరుగా కొనసాగడం నేరం, జరిమానా పడొచ్చు. నిన్ను భయపెట్టడానికి రాయడం లేదు, వాయిదా వేస్తావని రాస్తున్నాను.

మీ నాన్నను కూడా డైరెక్టరుగా చేర్చాలని ఉందన్నావు. అన్నయ్య ఇండియాలో ఉంటాడు, పాస్‌పోర్టు పాతది. ఇక్కడి పోస్టాఫీసు దారి ఆయనకు కుదరదు. అలాంటప్పుడు ధ్రువీకరణ చేయడానికి కంపెనీస్ హౌస్ దగ్గర నమోదైన అకౌంటెంట్లు, ఏజెంట్లు ఉంటారు. వాళ్లు ఫీజు తీసుకుంటారు. మీ అకౌంటెంటుకు ఆ నమోదు ఉందో లేదో అడుగు. అన్నయ్య పని పూర్తయి కోడ్ చేతికొచ్చాకే ఆయన నియామకం ఫైల్ చెయ్యి.

ఈ శని, ఆదివారాల్లో స్వాతికి ఈమెయిల్ తెరిపించి, ఇద్దరూ పక్కపక్కన కూర్చుని చేసేయండి. యాప్ ఎక్కడైనా ఆగితే ఆ స్క్రీన్ ఫోటో నాకు పంపు. కోడ్ మాత్రం వాట్సాప్ గ్రూపులో పెట్టకు.

మీ బాబాయి