కణత్వచం మీది గుంటలను చూడబోయే ముందు

చిరంజీవికి ఆశీస్సులు.

సజీవ కణాల్లో క్లాత్రిన్ గుంటల మీద, అంటే క్లాత్రిన్ అనే ప్రోటీన్ పోగై, బయటి పదార్థాలను లోపలికి తీసుకోవడానికి కణత్వచం మీద ఏర్పడే గుంటల మీద పని మొదలుపెడుతున్నానని, గాజును ఆనుకున్న పలుచని పొరను మాత్రమే వెలిగించి చూపే టర్ఫ్ (TIRF) మైక్రోస్కోపు మీద సమయం కూడా దొరికిందని రాశావు. చాలా సంతోషం. మీటలూ మెనూలూ అక్కడివారు నేర్పుతారు కనుక, వాటి జోలికి పోకుండా మిగతా సంగతులు రాస్తున్నాను.

1964లో రాత్, పోర్టర్ దోమ అండకణాల్లో ఈ గుంటలను ఎలక్ట్రాన్ మైక్రోస్కోపుతో చూశారు. వారికి గుంట ఆకారం కనిపించింది, కదలిక కనిపించలేదు. నీకు కదలిక కనిపిస్తుంది, ఆకారం కనిపించదు. గుంట వెడల్పు సుమారు 100 నానోమీటర్లే కాగా, మామూలు కాంతి మైక్రోస్కోపు విడదీసి చూపగలిగే దూరం దాదాపు 200 నానోమీటర్లు. కనుక తెర మీద కనిపించే చుక్క, అక్కడ వెలిగే రంగు తగిలించిన క్లాత్రిన్ పోగయిందని మాత్రమే చెబుతుంది.

లేజర్‌ను సందిగ్ధ కోణం (కాంతి గాజు దాటకుండా పూర్తిగా వెనక్కి తిరిగే హద్దు) దాటించి పంపినప్పుడు, గాజును ఆనుకుని ఉన్న 100, 200 నానోమీటర్ల పొర మాత్రమే వెలుగుతుంది. అందువల్ల చుక్క ఆరిపోతే, గుంట త్వచం నుంచి తెగి లోపలికి పోయి ఉండవచ్చు. లేదా ఫోకస్ జారి ఉండవచ్చు, రంగు మాసిపోయి ఉండవచ్చు. గుంట మెడను తెంచే ప్రోటీన్ డైనమిన్‌కు వేరే రంగు తగిలించి, తెగే ముందు అది ఒక్కసారిగా పోగవడం కనిపిస్తేనే ఆ చుక్కను నమ్ము.

కణాల ఎంపికలో మొహమాటపడవద్దు. వెలిగే క్లాత్రిన్‌ను అదనంగా తయారు చేయించిన కణాలు మెరిసిపోతాయి గాని, పని తీరు మారిపోవచ్చు. 2011లో బర్క్‌లీ పరిశోధకులు జన్యు సవరణతో ఈ ప్రోటీన్ల సొంత జన్యువులకే వెలుగు తగిలించి చూసినప్పుడు, గుంటలు అంతకుముందు అనుకున్నదానికన్నా చురుగ్గా, క్రమబద్ధంగా పనిచేస్తున్నట్టు తేలింది. చుక్కలు మసకగా ఉన్నా సరే, అలాంటి కణాలనే అడిగి తెచ్చుకో.

అన్నిటికన్నా ఎక్కువ శ్రద్ధ కాంతి మీద, వేడి మీద పెట్టాలి. కణాలను 37 డిగ్రీల వద్ద ఉంచినా, నూనె చుక్కతో గాజును తాకే కటకం, అంటే నూనె ఆబ్జెక్టివ్, చల్లగా ఉంటే సరిగ్గా నీవు చూసే చోటు నుంచే వేడిని లాగేస్తుంది. అందుకని ఆబ్జెక్టివ్‌కూ హీటరు ఉండాలి, దాన్ని ముందుగానే వేసి ఉంచాలి. లేజర్‌ను చిత్రం గుర్తుపట్టగలిగేంత వరకే పెంచు. ఒకే రోజున, ఒకే డిష్‌లోని కణాలను తక్కువ శక్తితోనూ, దానికి రెట్టింపు శక్తితోనూ తీసి, గుంటల జీవితకాలం పోల్చి చూడు. అది మారిందంటే నీవు కొలుస్తున్నది కాంతి చేసిన దెబ్బను. చిత్రీకరణ అయ్యాక ఈ గుంటల ద్వారానే కణంలోకి పోయే ట్రాన్స్‌ఫెర్రిన్ అనే ప్రోటీన్‌కు రంగు కట్టి వేసి, వెలుగు పడిన కణం పక్క కణాలంతగా దాన్ని లోపలికి తీసుకుంటున్నదో లేదో చూడటం ఇంకా మంచిది.

లెక్కల దగ్గర ఒక హెచ్చరిక. సాఫ్ట్‌వేరుకు మొహమాటం లేదు, దుమ్ముకణానికి కూడా జీవితకాలం కట్టి ఇస్తుంది. 20 సెకన్లలోపే ఆరిపోయే చుక్కల్లో చాలావరకు తెగి లోపలికి పోకుండానే చెదిరిపోయిన విఫలయత్నాలే. గాజుకు అంటుకున్న వైపు నిమిషాల తరబడి కదలకుండా ఉండే వెడల్పాటి క్లాత్రిన్ పలకలు వేరే జాతి. వీటన్నిటినీ కలిపి సగటు తీయవద్దు.

మొదటి వీడియోలను కాంట్రాస్టు దిద్దకుండా, లేజర్ శక్తి, ఫ్రేముకూ ఫ్రేముకూ మధ్య వ్యవధి రాసి నాకు పంపు.