కాంటెంపరరీ డాన్స్‌కి మృదంగం, డప్పులతో సంగీతం కట్టడం ఎలా?

కూచిపూడి ప్రదర్శనలకి మృదంగం వాయించిన అనుభవం ఉంది, ఇప్పుడు విజయవాడలో ఒక కాంటెంపరరీ డాన్స్ బృందం పది నిమిషాల అంశానికి తాళవాద్యాలతోనే సంగీతం చేయమంది, ఎక్కడ మొదలుపెట్టాలి అని కదా మీరు అడిగింది. గుంటూరులో ఉంటూ ఈ పని చేస్తున్నవాణ్ణి కాబట్టి చెబుతున్నాను.

మొదటి రిహార్సల్‌కి మృదంగం తీసుకెళ్లకండి. ఊరికే కూర్చుని చూడండి. ఎవరు ఎక్కడ ఊపిరి తీస్తున్నారు, బరువు ఏ కాలి మీద పడుతోంది, ఎక్కడ కదలిక ఆగుతోంది, అవి రాసుకోండి. కూచిపూడిలో నట్టువాంగం (తాళాలు వాయిస్తూ నాట్యాన్ని నడిపించడం), గజ్జెలు, అడుగు అన్నీ మన జతితో, అంటే లయ అక్షరాల వరుసతో, కలిసి నడుస్తాయి. ముక్తాయింపు (ముగింపు దరువు) మూడుసార్లు వేస్తే నర్తకి సమానికి, అంటే తాళం మొదటి దెబ్బకి, వచ్చి నిలబడుతుంది. కాంటెంపరరీలో చాలాసార్లు గజ్జెలుండవు, అడుగుకి చప్పుడే ఉండదు. వేదిక మీద మోగేది మీ వాద్యమొక్కటే. ప్రతి కదలికకీ ఒక దెబ్బ వేశారంటే నాట్యం మీ వెనకాల పరిగెత్తుతున్నట్టు కనిపిస్తుంది.

ఈ మధ్య బ్రాడీపేటలో ఒక మేడ మీద రిహార్సల్‌లో ఒకమ్మాయి గోడకి ఆనుకుని మెల్లగా కిందికి జారే ఘట్టం వచ్చింది. అక్కడ తొప్పి (మృదంగం ఎడమ వైపు) మీద అరచెయ్యి నొక్కి జరుపుతూ ఒకే ఒక్క గుంకీ, అంటే జారే మంద్ర నాదం, వేసి ఊరుకున్నాను. ఆమె చెయ్యి నేలకి తగిలేదాకా మళ్లీ ముట్టుకోలేదు. ఆ నిశ్శబ్దం కూడా మీరు కట్టాల్సిన సంగీతమే, దాన్ని జతి రాసుకున్నంత శ్రద్ధగా రాసుకోండి.

లెక్క సంగతి. వాళ్లు ఎక్కువగా ఎనిమిది కౌంట్లలో లెక్కపెడతారు. మీరు కౌంట్‌కో అక్షరం చొప్పున ‘తకతకిట’ అని ఖండంలో, అంటే ఐదేసి అక్షరాల నడకలో, వెళ్లండి. ఎనిమిది ఐదులు 40, ఐదు ఎనిమిదులూ 40. మధ్యలో ఎవరి దారి వారిది, 40 అయ్యాక ఇద్దరూ ఒకేసారి కొత్త ఆవృత్తం (చుట్టు) ఎత్తుకుంటారు. ఆ కలిసే చోటు మాత్రం వాళ్లకి ముందే చెప్పండి. సొల్లులు (తకతకిట లాంటి లయ అక్షరాలు) నోటితో పలికి ఫోన్లో రికార్డు చేసి పంపితే ఇంటి దగ్గర సాధన చేసుకుంటారు.

అమెరికా నాట్యకారుడు మెర్స్ కనింగ్‌హామ్, సంగీతకారుడు జాన్ కేజ్ నాట్యాన్నీ సంగీతాన్నీ విడివిడిగా తయారుచేసి, నిడివి ఒక్కటే ముందుగా అనుకునేవారు. చాలా గొప్ప దారి అది. కానీ మొదటి అంశానికి వద్దనే నా సలహా. ముందు ఒకరి ఊపిరి ఒకరికి తెలియాలి.

డప్పు పెట్టాలనుకుంటే తప్పకుండా డప్పు కళాకారుల్నే పిలవండి. డప్పు వాయించే రెండు కర్రలు, సిర్రా, చిటికెన పుల్లా కలిసి పలికే ఆ దరువు మన వేళ్లకి రాదు. వాళ్ల పేర్లు పోస్టర్ మీద మీ పేరు పక్కనే, అదే సైజులో పడాలి, ఈ విషయంలో రాజీపడకండి. ఇంకోటి, డప్పు తోలు బిగిసి మోగాలంటే మంట దగ్గర కాచాలి, కానీ ఆడిటోరియం లోపల నిప్పు పెట్టనివ్వరు. బయట కాచి తెచ్చిన తోలు డప్పు ఏసీలో చల్లబడి శ్రుతి దిగిపోతుంది. అందుకే డప్పు ఘట్టాన్ని అంశం మొదట్లోనే పెట్టుకోండి.

పారితోషికం, రికార్డింగ్ హక్కులు రిహార్సల్స్‌కి ముందే కాగితం మీద రాసుకోండి. వేదిక మీద మాత్రం నాట్యకారుల పాదాలు కనిపించేలా పక్కకి కూర్చోండి. వెనకాల కూర్చోబెడతామంటే ఒప్పుకోవద్దు.