ఆర్గాన్‌లో కూడా నీలం వస్తే

బుజ్జీ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి నీకు పీహెచ్‌డీలో చోటు దొరికిందని చెప్పింది. ఆనందంతో కాసేపు నోట మాట రాలేదు. తేరుకుని "టాపిక్ ఏమిటిట?" అన్నాను. "గాలిలోంచి కరెంటుతో అమ్మోనియా తీస్తారట. నాకేం అర్థమవుతుంది, అదంతా నీ గోలే" అంది. ఇక నిద్రపడితే ఒట్టు. లోకంలో ఇన్ని టాపిక్కులుండగా ఏరికోరి అదే పట్టుకున్నావా తల్లీ!

తెల్లవారుజామునే లేచి పెట్టె అడుగు నుంచి నా 1994 నోట్‌బుక్ తీశాను. దాన్ని పక్కన పెట్టుకునే ఈ ఉత్తరం రాస్తున్నాను.

టాపిక్ మంచిది కాదని నేననను. నత్రజని అణువులో రెండు పరమాణువులు మూడు బంధాలతో ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి. ఆ పట్టు విడిపించాలంటే మోల్‌కి 945 కిలోజౌళ్ళు కావాలి. 1909లో హేబర్ అనే కెమిస్టు ఆ నత్రజనితో అమ్మోనియా ల్యాబ్‌లో చేసి చూపించాడు, 1913కల్లా బాష్ దాన్ని ఫ్యాక్టరీ చేశాడు. నూటపదేళ్ళు దాటినా ఇవాళ్టికీ అదే పద్ధతి. ఇనుప ఉత్ప్రేరకం, నాలుగైదు వందల డిగ్రీల వేడి, మామూలు గాలికి వందా రెండొందల రెట్లు పీడనం, సహజవాయువు నుంచి లాగిన హైడ్రోజన్. ప్రపంచంలో దాదాపు సగం మంది తిండి ఆ అమ్మోనియాతో చేసే ఎరువుల మీదే నడుస్తోంది. మనిషి గాలిలోకి వదిలే కార్బన్ డయాక్సైడ్‌లో ఒకటి రెండు శాతం కూడా అక్కడిదే. చిక్కుడు జాతి మొక్కల వేళ్ళ బుడిపెల్లో బాక్టీరియా మాత్రం కొలిమీ గిలిమీ ఏమీ లేకుండా ఇదే పని చల్లగా చేసుకుపోతుంది. దాన్ని చూసి అసూయ పడని కెమిస్టు ఉండడు. నేనూ పడ్డాను, ఇప్పుడు నువ్వూ పడ్డావు. నా బుద్ధి కొంచెం నీకు అంటిందని లోపల్లోపల మురిసిపోతున్నాను కూడా.

మామూలు జాగ్రత్తలు వాళ్ళెలాగూ చెబుతారు. కళ్ళద్దాలు పెట్టుకో, జుట్టు ముడివేసుకో, నోట్‌బుక్‌లో పెన్సిల్‌తో రాయకు, రాత్రిపూట ల్యాబ్‌లో ఒక్కదానివే ఉండకు.

గ్లవ్స్ సంగతి మాత్రం అంత తేలిగ్గా వదలను. పెద్దమ్మ చాదస్తం అని నవ్వుకుంటావు, నవ్వుకో. 1996 ఆగస్టులో డార్ట్‌మత్ కాలేజీలో కేరెన్ వెటర్‌హాన్ అనే కెమిస్ట్రీ ప్రొఫెసర్ చేతిమీద డైమిథైల్ మెర్క్యురీ ఒకటి రెండు చుక్కలు పడ్డాయి. ఆవిడ విషలోహాల మీదే పనిచేసిన మనిషి. గ్లవ్స్ వేసుకునే ఉంది, విషవాయువుల్ని బయటికి లాగేసే ఫ్యూమ్ హుడ్‌లోనే పని చేసుకుంటోంది. ఆ ద్రవం లేటెక్స్ గ్లవ్‌ని దాటి చర్మాన్ని చేరడానికి కొన్ని సెకన్లు చాలని తర్వాత పరీక్షిస్తే తేలింది. కొన్ని నెలలు ఏమీ కాలేదు. ఆ తర్వాత నడక తడబడింది, మాట ముద్దగా రావడం మొదలైంది. 1997 జూన్‌లో పోయింది. నలభై ఎనిమిదేళ్ళు. ఆ వార్త చదివిన రోజు నేను బెంచీ దగ్గర నా రెండు చేతులూ తిప్పి తిప్పి చూసుకుంటూ కూర్చున్నాను.

నువ్వు టెట్రాహైడ్రోఫ్యూరాన్ అనే ద్రావణి వాడకుండా ఉండవు. నైట్రైల్ గ్లవ్ దాని ముందు నిలవదు. ఏ రసాయనానికి ఏ గ్లవ్ అన్నది పట్టికలో చూసుకోకుండా సీసా మూత తియ్యకు. చుక్క పడితే తుడుచుకుని పని కానిచ్చెయ్యడం కాదు, అప్పటికప్పుడు విప్పి పారెయ్యి. నీకు చెప్పానని మీ అమ్మకి కూడా చెబుతాను.

ఇప్పుడు అసలు సంగతి. ఇది మీ అమ్మకి కూడా నేనెప్పుడూ పూర్తిగా చెప్పలేదు.

అప్పటికి నాకు ఇరవై తొమ్మిదేళ్ళు. ఐరన్ నైట్రేట్ ద్రావణంలో కార్బన్ పొడి నానబెట్టి, ఆరబెట్టి, ఫర్నేస్‌లో కాల్చి ఉత్ప్రేరకం చేసేదాన్ని. మూడు గంటలు కాల్చాలి. ఫర్నేస్ ఒకటే, వాడేవాళ్ళం ఆరుగురం. ఆ రోజు నా తర్వాత వంతువాడు వెనక నిలబడి గొణుగుతుంటే గంటన్నరకే తీసేశాను. ఆ పొడిని ఎలక్ట్రోడ్‌కి పూసి, సెల్‌లోకి నత్రజని బుడగలు పంపుతూ రెండు గంటలు కరెంటు ఇచ్చాను. ఆ ద్రావణం కొంచెం తీసి ఫినాల్, హైపోక్లోరైట్ కలిపి చీకట్లో పెట్టాను. అమ్మోనియా ఉంటే నీలం వస్తుంది. గంట తర్వాత బీరువా తలుపు తీసేసరికి టెస్ట్ ట్యూబ్ నెమలి మెడలా మెరుస్తోంది. ముప్పై ఏళ్ళయినా కళ్ళు మూసుకుంటే ఆ రంగు కనబడుతుంది నాకు.

అదే ప్రయోగాన్ని నత్రజని బదులు ఆర్గాన్‌తో మళ్ళీ చెయ్యాలి, నీకూ తెలుసు. ఆర్గాన్ పంపితే అమ్మోనియా పుట్టే దారే లేదు కాబట్టి నీలం రాకూడదు. చేశాను. రెండు గంటలు చెయ్యాల్సింది ఇరవై నిమిషాలు చేశాను, సిలిండర్ అడుగంటింది. లేత నీలం వచ్చింది. ఆ రోజు నేను రాసుకున్నది ఇదిగో, నా కళ్ళముందే ఉంది: "గ్లాసు సరిగ్గా కడగలేదు. రేపు మళ్ళీ చెయ్యాలి." కింద రెండు గీతలు కూడా గీశాను. ఆ రేపు రాలేదు. తర్వాతి పేజీలన్నీ నత్రజని రన్‌లే, అన్నీ అదే సీసాలో పొడితో.

గైడ్‌కి నెమలి నీలం ట్యూబులు చూపించాను. లేత నీలం ట్యూబు చూపించలేదు. ఆయన అడగలేదు, నేను చెప్పలేదు. అడిగితే చెప్పేదాన్నే అని అప్పట్లో నాకు నేను చెప్పుకునేదాన్ని. పేపర్‌లో మాత్రం "మూడు గంటలు కాల్చాం" అని రాశాను. పద్ధతి అదే కదా మరి. గంటన్నర సంగతి అప్పటికి నిజంగానే మర్చిపోయాను.

పేపర్ అచ్చయిన పదకొండు నెలలకి వేరే ల్యాబ్‌లో పీహెచ్‌డీ చేస్తున్న అమ్మాయి దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. నా పద్ధతి తు.చ. తప్పకుండా చేసిందట, అమ్మోనియా జాడే లేదట. ఒకరోజు కరెంటు పోయి ఫర్నేస్ మధ్యలో ఆగిపోతే, ఆ సగం కాలిన పొడితో నీలం వచ్చిందట. ఆ పిల్ల నాలా కాదు, వచ్చిందని మురిసిపోలేదు. ఇరవై గంటలు ఆపకుండా నడిపి గ్రాఫ్ గీసి పంపింది. మొదటి మూడు గంటలు గీత పైకి పోయింది, ఆ తర్వాత అడ్డంగా పడుకుంది. చూడగానే కడుపులో దేవినట్టయింది. నిజంగా ఉత్ప్రేరకమే పనిచేస్తుంటే అంత నిక్కచ్చిగా ఒకచోట ఆగదు. ఆగిందంటే ఏదో నిల్వ ఖర్చయిపోయిందని. ఆ నిల్వ నేను సరిగ్గా కాల్చని నైట్రేట్. గాలిలో నత్రజనిని నేను ముట్టుకోనే లేదు. నేను పోసిన నైట్రేటే అమ్మోనియాగా మారి నాకే నీలం చూపించింది.

పేపర్ వెనక్కి తీసుకున్నాం. ఆ అవమానం రెండు మూడేళ్ళలో అరిగిపోయింది. కానీ ఆ ఉత్తరం చివర ఆ అమ్మాయి "తొమ్మిది నెలలు నా చేతిలోనే ఏదో లోపం ఉందనుకున్నానండీ" అని రాసింది. ఆ ఒక్క మాట ఇవాళ్టికీ అరగలేదు. జవాబు మూడుసార్లు మొదలుపెట్టి చించేశాను. నాలుగోసారి రెండు వాక్యాలు రాసి పోస్ట్ చేశాను. ఏం రాశానో చెప్పను.

నీ రంగంలో ఇప్పటికీ ఇదే రోగం. 2019లో డెన్మార్క్ టెక్నికల్ యూనివర్సిటీ, స్టాన్‌ఫర్డ్ వాళ్ళు మరికొందరితో కలిసి 'నేచర్'లో ఒక పద్ధతి ప్రచురించారు. అమ్మోనియా కనబడిందని చెప్పేముందు ఏమేం పరీక్షించుకోవాలో అందులో ఉంటుంది, మొదటి వారంలోనే చదువు. వాళ్ళ పరీక్షలో నిజంగా నెగ్గింది లిథియం దారి. టెట్రాహైడ్రోఫ్యూరాన్‌లో లిథియం లోహం పేరుకుని, అది నత్రజనిని పట్టుకునే దారి అన్నమాట. మిగతా చోట్ల దొంగలు ఎక్కడెక్కడ దాక్కుంటారో చూడు: ల్యాబ్ గాలిలో అమ్మోనియా, నీ ఊపిరిలో అమ్మోనియా, గ్లవ్స్ మీద, సెల్‌ని రెండుగా విడదీసే నాఫియాన్ పొరలో, నత్రజని సిలిండర్‌లోనే నైట్రోజన్ ఆక్సైడ్లు. పక్క హుడ్‌లో ఎవరో అమ్మోనియా సీసా మూత తీస్తే ఆ పూట నీ రీడింగులన్నీ పైకే.

మామూలు నత్రజని బదులు దాని బరువైన ఐసోటోపు, నత్రజని-15, వాడితే తప్పించుకోవచ్చనుకుంటావు. అణువుల్ని గుర్తుపట్టే ఎన్ఎంఆర్ యంత్రంలో మామూలు అమ్మోనియం మూడు గీతలుగా, 15ది రెండు గీతలుగా కనబడుతుంది, చూడముచ్చటగా ఉంటుంది. కానీ ఆ నత్రజని-15 సిలిండర్‌లోనే 15 అమ్మోనియా మలినంగా ఉండొచ్చు. శుద్ధి చెయ్యకుండా పంపితే నువ్వు కొన్నదే నువ్వు కొలుస్తావు. నాలాగే.

2023లో ఆ గాల్లో తేలే రాయి వీడియో నాకు పంపింది నువ్వే, గుర్తుందా? ఎల్‌కే-99. మామూలు వేడి దగ్గరే సూపర్‌కండక్టర్, అంటే కరెంటుకి నిరోధమే లేని పదార్థం, అని ఊరంతా గోల. "పెద్దమ్మా, ప్రపంచం మారిపోయింది" అన్నావు. ఆగమన్నాను, అలిగావు. నెల తిరక్కుండానే తేలింది. సుమారు 104 డిగ్రీల దగ్గర నిరోధం పడిపోవడానికి కారణం అందులో మలినంగా ఉన్న కాపర్ సల్ఫైడ్, దాని రూపం ఆ వేడి దగ్గర మారుతుంది. మలినం లేకుండా స్ఫటికాలు పెంచి చూస్తే వాటిలో కరెంటే పారలేదు. వాళ్ళని చూసి నవ్వినవాళ్ళలో నేను లేను. ఆ నెలంతా నా లేత నీలం ట్యూబే గుర్తొచ్చింది.

మలినం ఎప్పుడూ శత్రువే అనుకోకు కూడా. క్లెయిర్ ప్యాటర్సన్ అనే శాస్త్రవేత్త ఉల్కలో సీసం కొలిచి భూమి వయసు కడదామనుకున్నాడు. ఎన్నిసార్లు కొలిచినా ఉండాల్సినదానికంటే ఎక్కువ సీసం. నీళ్ళలో, గాలిలో, గాజులో, తన ఒంటిమీద, ఎక్కడ చూసినా సీసమే. ఆయన నాలా "గ్లాసు కడగలేదు" అని రాసి పేజీ తిప్పలేదు. గదినే కడిగాడు, గాలిని వడపోశాడు. 1956లో 455 కోట్ల సంవత్సరాలని తేల్చాడు. తర్వాత ఆ సీసం ఎక్కడిదని వెంటపడితే పెట్రోల్ దగ్గర తేలింది. పెట్రోల్ కంపెనీలతో ఏళ్ళ తరబడి పోట్లాడాడు. కార్లలో సీసం పెట్రోల్ ప్రపంచమంతటా ఆగింది మాత్రం 2021లో.

కోవిడ్ ఎంఆర్ఎన్ఏ టీకాలకి దారి వేసిన కరికో, వైజ్‌మన్‌లదీ అలాంటిదే. ల్యాబ్‌లో తయారుచేసిన ఆర్ఎన్ఏ పెడితే రోగనిరోధక కణాలు మండిపడుతున్నాయి. పోలిక కోసం పెట్టుకున్న ట్రాన్స్‌ఫర్ ఆర్ఎన్ఏకి మాత్రం కిక్కురుమనలేదు. చాలామంది దాన్ని కంట్రోల్ అని పక్కన పెట్టేవారు. వాళ్ళు అది ఎందుకు ఊరుకుందని అడిగారు. దాని అక్షరాలకి చిన్న చిన్న మార్పులున్నాయని పట్టుకుని 2005లో రాశారు. టీకాలు పదిహేనేళ్ళకి వచ్చాయి, నోబెల్ 2023లో. ఆ కంట్రోల్ ట్యూబులు కడిగి పెట్టేసి ఉంటే ఏమయ్యేదో!

ఈ మధ్యే నాకు ఇంకో సంగతి తట్టింది, దానికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. కలుషితమైన నీళ్ళలో నైట్రేట్‌ని కరెంటుతో అమ్మోనియాగా మార్చడం ఇప్పుడు మంచి పరిశోధన. బోలెడన్ని ల్యాబులు దానిమీదే ఉన్నాయి. నా సగం కాలిన పొడి చేసింది సరిగ్గా అదే! ఆ సీసా నేను సిగ్గుతో పారేశాను. ఆ లేత నీలం ట్యూబు ముందు కూర్చుని "నువ్వెక్కణ్ణించి వచ్చావు?" అని ఒక్క పూట అడిగి ఉంటే, ఏమో. ఆ మాట వదిలెయ్యి.

నీ కొత్త గైడ్ ఎలాంటివాడో నాకు తెలియదు. వెళ్ళిన వారంలోనే ఆయనకి ఒక చెడ్డ రిజల్ట్ చూపించు, ముఖం ఎలా పెడతాడో చూడు. విసుక్కుంటే తట్టుకో, కానీ దాచడం అలవాటు చేసుకోకు. ఫర్నేస్ దగ్గర నీ వెనక ఎవరు గొణిగినా మూడు గంటలంటే మూడు గంటలే.

మొదటి ఆర్గాన్ రన్ పూర్తిగా రెండు గంటలూ చేసి, అదే రోజు నాకు ఫోన్ చెయ్యి. అమ్మోనియా ఎంత వచ్చిందో చెప్పు. సున్నా అని మాత్రం చెప్పకు, నమ్మను.

ఆశీస్సులతో,
పెద్దమ్మ