యూకే జీపీ సర్జరీలో మేనేజర్ ఉద్యోగం: ఎమ్మెస్సీ చేస్తే వచ్చేస్తుందా?

ప్రశ్న: మా అబ్బాయికి నీట్‌లో రెండుసార్లూ ర్యాంకు రాలేదు. బీఫార్మసీ పూర్తిచేశాడు. యూకేలో హెల్త్‌కేర్ మేనేజ్‌మెంట్ ఎమ్మెస్సీ చేస్తే జీపీ (ఫ్యామిలీ డాక్టర్) క్లినిక్కుల్లో ప్రాక్టీస్ మేనేజర్ కావచ్చని కన్సల్టెన్సీవాళ్లు అంటున్నారు. ఇల్లు తాకట్టు పెట్టయినా పంపుతాం. అది మంచిదా, ఇక్కడ ఎంహెచ్‌ఏ (ఆసుపత్రి నిర్వహణలో పీజీ) మంచిదా?
– ఒక తల్లి, గుంటూరు

జవాబు: అమ్మా, మీరు అడిగింది రెండు కోర్సుల గురించి. ఉత్తరం నిండా ఉన్నది మాత్రం డాక్టర్ కాలేకపోయిన పిల్లాడు కనీసం ఆసుపత్రిలోనైనా ఉండాలన్న బెంగ. అందుకే ముందు ఆ ఉద్యోగమేమిటో చెబుతాను.

ఇంగ్లండ్‌లో జీపీ సర్జరీ అంటే ఆపరేషన్ కాదు, ఫ్యామిలీ డాక్టర్ల క్లినిక్కు. ఎక్కువచోట్ల అది సర్కారు దవాఖానా కాదు. కొందరు డాక్టర్లు భాగస్వాములుగా అక్కడి ప్రభుత్వ వైద్య వ్యవస్థ ఎన్‌హెచ్‌ఎస్‌తో కాంట్రాక్టు రాసుకుని నడుపుకునే సంస్థ. ఒకప్పుడు మేనేజరంటే రిసెప్షన్, జీతాలు, డ్యూటీ రోటా చూసుకునే మనిషి. 2004 కాంట్రాక్టుతో ‘క్వాఫ్’ అనే పాయింట్ల పద్ధతి వచ్చి పని మారిపోయింది. షుగర్, బీపీ లాంటి జబ్బులకు అందించిన వైద్యాన్ని బట్టి పాయింట్లు, పాయింట్లను బట్టి డబ్బు. నర్సు బీపీ చూసి కంప్యూటర్‌లో సరైన కోడ్ ఎక్కించకపోతే ఆ పని లెక్కలోకే రాదు. మార్చి 31 దాటితే ఆ ఏడాది సొమ్ము పోయినట్టే. ఇంకా చూడాల్సినవాళ్ల లిస్టు ఫిబ్రవరిలో తీస్తే పేషెంట్లను పిలవడానికి టైము చాలదు, నెలనెలా తీస్తూ ఉండాలి.

2013 నుంచి వైద్య సేవల నాణ్యత చూసే సంస్థ సీక్యూసీ తనిఖీలు తోడయ్యాయి. వ్యాక్సీన్ ఫ్రిజ్ 2 నుంచి 8 డిగ్రీల మధ్యే ఉందని రోజూ రాసిన లాగ్ లేకపోతే జవాబు చెప్పుకోవాల్సింది మేనేజరే. 2019లో 30 నుంచి 50 వేల మంది పేషెంట్లకొకటి చొప్పున సర్జరీలను నెట్‌వర్కులుగా కలిపారు. ఒకే ఫార్మసిస్టు నాలుగైదు సర్జరీలకు తిరిగితే ఏ రోజు ఎక్కడ, గది ఎవరిది, పర్యవేక్షణ ఎవరిది అన్నది ముందే తేల్చుకోవాలి. లేకపోతే తగవులే.

డాక్టర్లు తమ సొంత ఆదాయాన్ని కాపాడే ఈ పనిని కొత్త ఎమ్మెస్సీ కుర్రాడి చేతిలో పెడతారా? రిసెప్షన్‌లోనో పేషెంట్ల రికార్డుల్లో కోడ్‌లు ఎక్కించే పనిలోనో ఏళ్లు నలిగినవాళ్లకే ఎక్కువగా ఇస్తారు. ఆ కింది మెట్టు మీదికి మీవాడు వీసాతో ఎక్కలేడు. 2025 జులై నుంచి స్కిల్డ్ వర్కర్ వీసాకు మామూలుగా ఏడాదికి 41,700 పౌండ్ల జీతం ఉండాలి. రిసెప్షన్ జీతం ఆ దరిదాపుల్లోకి రాదు. చదువయ్యాక రెండేళ్లు ఉండనిచ్చే గ్రాడ్యుయేట్ వీసా కూడా 2027 జనవరి 1 నుంచి దరఖాస్తు చేసేవాళ్లకు 18 నెలలే.

కాస్త కటువుగా అంటాను, ఏమనుకోకండి. ఆ కన్సల్టెన్సీకి యూనివర్సిటీ నుంచి కమీషన్ ముడుతుందో లేదో కనుక్కున్నారా? వాళ్లు పంపినవాళ్లలో సర్జరీ మేనేజర్ అయినవాళ్లెవరో అడిగారా? అవేవీ లేకుండా ఇంటి కాగితాలు బయటికి తీస్తారా? అంత పొడుగు ఉత్తరంలో అబ్బాయికి ఏమిష్టమో ఒక్క ముక్క లేదు.

వాడి బీఫార్మసీ వృథా కాలేదమ్మా. కంగారు పడకండి. ముందు ఒక ఏడాది గుంటూరులోనో విజయవాడలోనో ఓ పెద్దాసుపత్రి ఇన్సూరెన్స్ డెస్క్‌లోనో ఎన్టీఆర్ వైద్యసేవ డెస్క్‌లోనో చేరనివ్వండి. రిపోర్టు జతచేయక ప్రీఆథరైజేషన్ (చికిత్సకు ముందస్తు అనుమతి) ఎలా వెనక్కొస్తుందో, డిశ్చార్జి సమ్మరీకీ బిల్లుకీ తేదీలు కలవక క్లెయిమ్ ఎలా ఆగుతుందో అక్కడ తెలుస్తుంది. మందుల పేర్లు తెలిసినవాడు ఆ సీట్లో త్వరగా కుదురుకుంటాడు. పని నచ్చితే అప్పుడు ఎంహెచ్‌ఏ. కాలేజీ చూడబోయినప్పుడు బిల్డింగు చూసి మురిసిపోకుండా, ఆసుపత్రిలో ఇంటర్న్‌షిప్ ఎన్ని నెలలు, ఏ విభాగాల్లో అని అడిగి రాయించుకోండి.